బందరు అద్దకంలో ఎరుపు నిలిచిన కథ

బంటుమిల్లి నుండి పెడన మీదుగా బందరు పోయే దారిలో కంటికి కనిపించేది వరిచేలు, కాలువలు, చెరువులు. సముద్రం వైపు జరిగినకొద్దీ నేల ఉప్పుబారి ఇసుక కలుస్తుంది. ఈ దారిలోనే పెడనలో ఇప్పటికీ అద్దకపు బల్లల మీద టేకు అచ్చులు చప్పుడు చేస్తూ ఉంటవి. కలంకారీ అనగానే మనకు దుప్పట్లు, చీరలు, గుమ్మపు తెరలు తలపునకు వస్తవి. వాటి మీది నెమళ్ళను, తీగెలను, మామిడిపిందెలను గురించి కళాభిమానులు చాలా చెప్పి ఉన్నారు. మేము ఇప్పుడు చెప్పదలచినది బొమ్మను గురించి కాదు. ఆ బొమ్మ ఒకసారి గుడ్డను పట్టుకొన్న తరువాత వంద ఉతుకులకైనా ఎందుకు విడువదు అన్నదానిని గురించి.

చిన్న ప్రశ్న వలె కనబడుతుంది గాని, దీనికి సమాధానం వెదకడానికి యూరపులోని రసాయన శాస్త్రజ్ఞులకు ఇంచుమించు రెండు వందల యాభై సంవత్సరములు పట్టినది. రెండు పదార్థములు ఒకదానినొకటి తాకే హద్దు వద్ద ఏమి జరుగుతుందో తెలుసుకొనే శాస్త్రాన్ని నేడు ఉపరితల రసాయనం అంటున్నారు. పేరు కొత్తదే; విషయం మాత్రం మన వంటయింటిలోనిదే. తామరాకు మీద నీటిబొట్టు దొర్లిపోతుంది, అరటియాకు మీద కొంత పరచుకొంటుంది. కొత్త గుడ్డ మొదటి తడుపున నీరు పీల్చదు, రెండు ఉతుకులైన తరువాత వెంటనే పీలుస్తుంది. చింతపండుతో తోమిన రాగిచెంబు తళతళలాడుతుంది. వీటిలో పదార్థం మారలేదు. మారినదెల్లా దాని పైపొర. బందరు అద్దకమంతా ఈ పైపొరను మచ్చిక చేసుకొనే విద్య.

ఈ విద్య ఎంత పాతది? మొహెంజొదారో త్రవ్వకాలలో ఒక వెండి పాత్రను అంటిపెట్టుకొని నూలుగుడ్డ ముక్కలు దొరికినవి. వాటికి మంజిష్ఠ జాతి వేరు రంగు పట్టి ఉన్నదని పరీక్షించినవారు చెప్పారు. అటువంటి ఎరుపు నూలు మీద ఊరక నిలిచేది కాదు, దానికి పటిక వంటి మధ్యవర్తి ఉండవలెను. అంటే నాలుగు వేల సంవత్సరముల క్రితమే ఈ దేశంలో ఎవరో ఆ మధ్యవర్తిని కనుగొన్నారన్నమాట. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దంలో రోమను గ్రంథకర్త ప్లినీ ఈజిప్టులోని అద్దకాన్ని వర్ణిస్తూ ఆశ్చర్యపడినాడు. గుడ్డ మీద రంగు లేని మందులేవో పూసి, ఒకే రంగు ఉన్న బానలో ముంచితే, అది పలు రంగులతో బయటకు వచ్చిందట. పెడనలో గంగాళం దగ్గర నిలబడి చూచినవారికి ఈ వింత కొత్తగా తోచదు.

బందరు పేరు ప్రపంచానికి ఎక్కినది మాత్రం గోలకొండ సుల్తానుల కాలంలో. కలంకారీ అన్న మాట పారశీకమే; కలంతో చేసే పని అని అర్థం. ఇక్కడి అద్దకపు గుడ్డలు ఓడలెక్కి ఇరానుకు పోయేవి. తూర్పు దీవులకు పోయి అక్కడ జాజికాయకు, లవంగాలకు మారకమయ్యేవి. ఈ మారకం కోసమే డచ్చివారు 1605లో బందరు రేవుకు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. మసాలా కొనాలంటే దీవులవారు బంగారం కంటె ఈ గుడ్డలనే ఎక్కువ ఇష్టపడేవారని ఆ వర్తకులు త్వరలోనే తెలుసుకొన్నారు. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ ఔరంగజేబు పాదుషా డేరాల లోపలి పక్క బందరు పూల గుడ్డలతో కప్పి ఉండడం చూచి, తోటలో ఉన్నట్లున్నదని మెచ్చుకొన్నాడు. 1618 నుండి నాలుగేండ్లు బందరులో ఇంగ్లీషు వర్తకశాల పెద్దగా ఉన్న విలియం మెత్వోల్డు, ఈ గుడ్డల రంగులు ఎన్ని మార్లు ఉతికినా గుడ్డ ఉన్నంతకాలం ఉంటవని వ్రాసినాడు. ఎరుపునిచ్చే వేరును గూర్చి కూడా ప్రత్యేకంగా చెప్పినాడు.

ఆ వేరే చిరివేరు. అరవంలో దీనిని సాయవేరంటారు. ఇంగ్లీషువారి నోట అది ‘చే’ అయినది. మొక్క చూడడానికి గడ్డిపోచల గుబురు వలె అల్పంగా ఉంటుంది. సముద్రపు ఒడ్డున తేలికపాటి ఇసుక నేలల్లో పెరుగుతుంది. రాక్స్‌బర్గు దొర కోరమండల్ తీరపు మొక్కలను గురించి 1795లో ప్రచురించ మొదలుపెట్టిన గొప్ప బొమ్మల గ్రంథంలో దీనికి చోటిచ్చినాడు. తనంత తాను మొలిచిన మొక్క వేరు పొట్టిదైనా, సాగుచేసిన దానికంటె నాలుగవ వంతు రంగు ఎక్కువ ఇస్తుందని, ఆ రంగు మేలైనదని కూడా చెప్పినాడు. కృష్ణ ముఖద్వారపు ఇసుకల్లో గుల్లల సున్నం కలిసి ఉంటుంది. ఆ సున్నం వల్లనే ఇక్కడి వేరుకు పేరు వచ్చినదని తరువాతి పరిశోధకులు కొందరు అభిప్రాయపడినారు. ఈ సున్నం మాటను శ్రోతలు కొంచెం గుర్తుంచుకొనవలెను.

ఇక పని విధానం. దీనిని తాపీగా చూడవలెను, ఎందుకంటే ఇందులో ప్రతి మెట్టూ ఒక రసాయన ప్రయోగమే.

మగ్గం నుండి దిగిన గుడ్డకు పైన గంజి, లోపల నూలుపోగు మీద పుట్టుకతో వచ్చిన మైనపు పొర ఉంటవి. ఈ రెండూ నీటిని దగ్గరకు రానివ్వవు. అందుచేత గుడ్డను పేడనీళ్ళలో నానవేసి, కాలువ ఒడ్డున ఎండలో పరచి, ఆరినకొద్దీ నీరు చల్లుతూ, ఉతుకుతూ ఉంటారు. మైనం పోయిన పోగు ఉపరితలం ఇప్పుడు నీటికి తలుపు తెరిచినట్లవుతుంది. పేడను చూచి ముక్కు మూసుకొనే నాగరికులు ఒకటి తెలుసుకొనవలెను. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులోని అద్దకపు మిల్లులు కూడా ఆవుపేడ తొట్లు పెట్టుకొన్నవి. దానికి బదులుగా ఫాస్ఫేటు లవణాలు వాడవచ్చునని రసాయనికులు చెప్పేవరకు వారికీ వేరు గతి లేకపోయినది.

తరువాత కరక్కాయ నీరు. కలంతో వ్రాసే పనికైతే ఇందులో చిక్కని గేదెపాలు కలుపుతారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం నూలుకు అంటుకొని, రాబోయే లోహాలను పట్టుకోవడానికి కొక్కెం వలె నిలుస్తుంది. మరి పాలెందుకు? నూలుపోగుల మధ్య సన్నని సందులున్నవి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే అవి తడిని పక్కకు లాగుతవి. గీసిన గీత చెదిరి మసకబారుతుంది. పాలలోని వెన్న, ఇతర పదార్థములు ఆ సందులను పలుచగా పూసి తడిని నిలవేస్తవి. అందువల్ల కలం గీసినచోటనే సిరా ఆగుతుంది. ఎంత వెన్న ఉండవలెనో, ఎంత పిండవలెనో, ఎంత ఎండవలెనో చేతి అలవాటు చెప్పేదే. తక్కువైతే గీత పారుతుంది. ఎక్కువైతే గుడ్డ సిరానే తాగదు. నేటి ప్రయోగశాలలో నీటిబొట్టు ఎంత కోణంలో నిలిచినదో కొలిచి చెప్పే సంగతిని ఆ పనివాడు వేలితో తాకి చెప్పేవాడు.

నల్లని గీతకు కసిమి. తుప్పు పట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వేసి కుండలో వారాల తరబడి పులియబెడతారు. ఆ నీరు కరక్కాయ పట్టిన గుడ్డను తాకీ తాకగానే నల్లనవుతుంది. మన పాతకాలపు వ్రాత సిరాలలోనూ ఇదే ఇనుము, ఇదే టానిన్ కలయిక ఉండేది.

ఎరుపు రావలసిన చోట మాత్రం అసలు రంగే వేయరు. పటికనీరు అద్దుతారు. అది రంగు లేనిది. ఎక్కడ పడినదో తెలియడం కోసం తరువాత పోయే రంగేదైనా కొంచెం కలుపుకొంటారు. పటికలోని అల్యూమినియం పోగు ఉపరితలం మీద, టానిన్ కొక్కేల మీద కూర్చుంటుంది. కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీటిలో జాడిస్తారు. ఇక్కడ ‘పారే’ అన్నది ముఖ్యం. పోగును పట్టుకొనక మిగిలిన పటిక నీటిలోకి వస్తుంది. నిలవనీరైతే అది తిరిగి గుడ్డ మీదనే మరొకచోట చేరి, తెల్లగా ఉండవలసిన భాగాన్ని పాడుచేస్తుంది. పారే నీరైతే దానిని తీసుకొని పోతుంది. బందరు, పెడన ప్రాంతంలో అద్దకం వెలయడానికి రేవు ఎంత కారణమో, మంచినీటి పారుదల అంత కారణమని మా నమ్మకం. రాజులను, కంపెనీలను గురించి వ్రాసిన చరిత్రకారులు ఈ నీటి సంగతి ఎక్కువగా పట్టించుకొనలేదు.

అప్పుడు గంగాళంలో వేరుపొడి వేసి, గుడ్డను దింపి, మెల్లగా మంట పెంచుతూ కాస్తారు. గుడ్డంతా ఒకే నీటిలో ఉడుకుతున్నా, పటిక ఉన్నచోట ఎర్రబడుతుంది, ఇనుమున్నచోట నల్లబడుతుంది, రెండూ కలిసినచోట ముదురు గోధుమవన్నె వస్తుంది. ఏమీ లేనిచోట కొంచెం గులాబిడాలు అంటుకొంటుంది. దానిని మళ్ళీ పేడనీటితో, ఎండతో విడగొడతారు. పటిక పట్టిన ఎరుపు చెక్కుచెదరదు, పటిక లేని డాలు వెలిసిపోతుంది. రంగు గుడ్డకు ఊరక అంటుకొని ఉండడం వేరు, రసాయన బంధంతో కట్టుబడి ఉండడం వేరు. ఈ భేదాన్ని ఇంత చక్కగా కంటికి చూపే ప్రయోగం మరొకటి మాకు తోచడం లేదు. నీలి కథ ఇంకొక తీరు. ఎరుపును, తెలుపును మైనంతో కప్పి గుడ్డను నీలిబానలో ముంచేవారు. మైనం తామరాకు పని చేస్తుంది. మిగిలినచోట నీలి పోగులోకి దిగి, గాలి తగలగానే నీటిలో కరగని పదార్థంగా మారి అక్కడే చిక్కుపడిపోతుంది.

ఇటువంటి గుడ్డలు పారిసులో, లండనులో దిగుమతి అయ్యేసరికి అక్కడి నేతగాండ్రకు దిగులు పుట్టినది. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని నడిపించినది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1720లో మరొకటి చేసి, 1774లో గాని రద్దు చేయలేదు. నిషేధం ఉన్నంతకాలం రహస్యం మీద మోజు పెరిగినది. కోరమండల్ తీరంలో ఉన్న ఫ్రెంచివారు కొందరు దీనిని కనిపెట్టడానికి పూనుకొన్నారు.

వారిలో ఇద్దరిని చెప్పవలెను. 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో బోలియో అనే నౌకాధికారి ఒక పనివానిని ఎదురుగా కూర్చుండబెట్టుకొని పని చేయించినాడు. ప్రతి మెట్టు పూర్తి కాగానే గుడ్డ నుండి ఒక ముక్క కత్తిరించి దగ్గర పెట్టుకొని, పక్కన వివరం వ్రాసుకొన్నాడు. ఇదంతా పారిసులో ఉన్న దుఫే అనే శాస్త్రజ్ఞుని కోసం. విద్యుత్తు రెండు విధాలని కనుగొన్న దుఫే ఇతడే. ఫ్రాన్సు అద్దకపు పరిశ్రమ కూడా ఇతని పర్యవేక్షణలో ఉండేది. రెండవవాడు జెసూటు మతాచార్యుడు కూర్డూ. తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చిన పండితుడు. సంస్కృతానికి, లాటినుకు గల పోలికలను విలియం జోన్సు కంటె ముందే గుర్తించినవాడు. ఇతడు 1742లో అద్దకపు విధానాన్నంతా ఒక దీర్ఘమైన లేఖగా వ్రాసి పంపినాడు. క్రైస్తవం పుచ్చుకొన్న పనివారి నోటనుండి వివరాలు రాబట్టినట్లు తానే చెప్పుకొన్నాడు. 1747లో అనుబంధంగా మరొక లేఖ వ్రాసినాడు. ఈ ఇద్దరూ చూచినది తమిళ తీరపు పనివారినే. అయినా వేరు అదే, పటిక అదే, పాలు అవే. నేడు ఆ లేఖలు పరిశోధకులకు గొప్ప ఆధారం. అయితే ఆ పనివారు ఏ పేరు గలవారో, వారికి ఏమి ముట్టినదో ఆ కాగితాలలో లేదు. తమ జీవనాధారమైన విద్యను ఎదుటివానికి ఎత్తియిస్తున్నామని వారికి తెలుసునా?

విధానం తెలిసినది. కారణం తెలియలేదు. అక్కడినుండే అసలు శాస్త్ర వివాదం బయలుదేరినది. ఉన్నిబట్టల అద్దకం గురించి 1750లో గ్రంథం ప్రచురించిన ఎల్లో, రంగును యంత్రం వలె ఊహించినాడు. పోగులో రంధ్రాలున్నవి, వేడికి విచ్చుకొంటవి, రంగు రేణువులు లోపలికి దూరుతవి, పటిక సీలు వేసినట్లు మూస్తుంది. ఫ్రెంచిలో పటిక వంటి పదార్థాలకు ‘కరిచేవి’ అని అర్థం వచ్చే పేరు నిలిచిపోయినది. బెర్తొలే 1791లో దీనికి ఎదురు తిరిగి, రంధ్రాలు కాదు, రసాయనికమైన ఆకర్షణే కారణమన్నాడు. మూడేండ్లకు ఇంగ్లండులో బాంక్రాఫ్టు రంగులను రెండు తరగతులుగా విడగొట్టినాడు: తమంత తామే అంటుకొనేవి, మధ్యవర్తి ఉంటేనే అంటుకొనేవి. చిరివేరు రెండవ తరగతిది. మన మేస్త్రీలకు ఈ విభజన పనిలో ఎప్పటినుండో తెలుసు. వారు దానిని పుస్తకంలో వ్రాయలేదు, అంతే.

ఉపరితలం మీద పదార్థాలు పేరుకొనడానికి అధిశోషణం అన్న అర్థమిచ్చే పేరును 1881లో జర్మనీలో కైజర్ వాడుకలోకి తెచ్చినాడు. పదేండ్ల తరువాత ఆగ్నెస్ పాకెల్సు అనే జర్మను స్త్రీ, ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువుకొనకుండానే, ఇంట్లో అంట్లు తోమే నీటి మీద తేలే జిడ్డును రేకుతొట్టిలో కొలిచి, ఆ ఫలితాలను రేలీ ప్రభువుకు లేఖగా వ్రాసినది. ఆయన దానిని 1891లో ‘నేచర్’ పత్రికలో అచ్చు వేయించినాడు. ఆ తొట్టిని మెరుగుపరచి, ఒక్క అణువు మందం గల పొరలను కొలిచిన అమెరికను శాస్త్రజ్ఞుడు లాంగ్మ్యూరుకు 1932లో నోబెలు బహుమానం వచ్చినది. గేదెపాలలోని వెన్న పోగుల మీద చేసిన పని ఏ జాతిదో అప్పటికి గాని శాస్త్రానికి అర్థం కాలేదు.

ఈలోగా వేరు కథ ముగిసినది. మంజిష్ఠ వేరులోని ఎరుపు పదార్థం అలిజరినును 1826లో ఫ్రాన్సులో విడదీశారు. 1868లో బెర్లినులో గ్రేబె, లీబెర్మాను అనే ఇద్దరు దానినే తారు నుండి వచ్చే ఆంత్రసీనుతో తయారు చేశారు. 1869 జూను 25న వారు లండనులో పేటెంటుకు దరఖాస్తు పెట్టగా, అదే వస్తువు మీద పెర్కిన్ దరఖాస్తు 26వ తేదీన చేరినది. ఒక్క రోజు తేడా! కొద్ది సంవత్సరాలలో యూరపులోని మంజిష్ఠ తోటలు పాడుబడినవి. చిరివేరులోని ప్రధానమైన ఎరుపు కూడా అలిజరినే. 1893లో పెర్కిన్ కుమారుడు ఆర్థరు, హమ్మెలుతో కలసి ఆ వేరును విశ్లేషించి చూపినాడు. అప్పటికి ఆ విశ్లేషణ వల్ల వేరు త్రవ్వేవారికి ఒరిగేదేమీ లేదు. బందరుకు అంతకు ముందే లాంకషైరు మిల్లు గుడ్డ దెబ్బ తగిలి ఉన్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ముప్పదివేల మంది ప్రాణాలను పొట్టన పెట్టుకొన్నది. చౌక అలిజరిను వచ్చినది ఆ తరువాత.

అయినా అద్దకం చావలేదు. ఇది విచిత్రం. వేరు పోయినా పటిక పోలేదు, కరక్కాయ పోలేదు, పారేనీరు పోలేదు. పెడన పనివారు గంగాళంలో వేరుపొడికి బదులు అలిజరిను పొడి వేసి, జాజియాకు వేసి, పాత పద్ధతినే నడుపుకొంటూ వచ్చారు. కొందరు దీనిని శుద్ధి చెడడంగా భావిస్తారు. మేము అట్లా భావించము. వేరులోని అణువు, తారులోని అణువు ఒకటే. పోగుకు దానిని కట్టే విద్య అదే. వేరులో అలిజరినుతోపాటు ఉండే ఇతర పదార్థాల వల్ల వచ్చే నిండుతనం పోయినదంటే ఒప్పుకొంటాము. అసలైన ప్రమాదం వేరొకచోట ఉన్నది. నేడు బజారులో కలంకారీ పేరుతో అమ్మే గుడ్డల్లో చాలా భాగం తెరఅచ్చు మీద జిగురుతో అంటించిన రంగులే. జిగురు రంగు గుడ్డ ముఖం మీదనే కూర్చుంటుంది. పటికతో కట్టిన రంగు పోగులోనికి దిగి ఉంటుంది. కొనేవారు గుడ్డను తిరగవేసి వెనుకపక్క చూస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. ఒకటి నాలుగు గంటల పని, మరొకటి వారాల పని. ధర మాత్రం కొనేవాని దృష్టిలో ఒకటే కావలెనంటే పనివాడు బ్రతికేదెట్లా?

సున్నం సంగతి మిగిలి ఉన్నది. అల్యూమినియం ఒక్కటే అలిజరినుతో కలిస్తే పూర్తి ఎరుపు రాదని, కాల్షియం కూడా తోడు ఉంటేనే ఆ నిండు ఎరుపు వస్తుందని అద్దకపు రసాయనికులకు చాలాకాలం నుండి తెలుసు. కాని ఆ మూడు ఎట్లా అమరి ఉంటవో తేలలేదు. 1994లో జర్మనీలో వుండర్లిషు, బెర్గర్హాఫు అనేవారు ఆ ఎర్రని పదార్థపు అమరికను వివరించి, అందులో అల్యూమినియం పక్కన కాల్షియం కూర్చున్న చోటును చూపినారు. గుల్లల ఇసుకలో పెరిగిన వేరే మంచిదని ఏరి తెచ్చుకొన్నవారు కాల్షియం పేరు విని ఎరుగరు.

బోలియో కత్తిరించిన గుడ్డముక్కలు పదకొండు, అతని వ్రాతప్రతితో సహా పారిసులోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నవి. ష్వార్ట్సు అనే పరిశోధకుడు ఆ వ్రాతప్రతిని 1956లో ప్రకటించేవరకు వాటిని పట్టించుకొన్నవారు అరుదు. తెల్లగుడ్డ మొదలు పూర్తి అయిన పూలగుడ్డ వరకు ఒక పనివాని చేతిపని అంచెలంచెలుగా అందులో నిలిచి ఉన్నది.